ఆయనే మొదట మనలను ప్రేమించెను

(ఒంగోలులో ఒక సంఘ సహవాస కూడికలో చేసిన ప్రసంగమిది. ఆ సాయంత్రం రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని వ్రాసి పెట్టాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

ప్రభువునందు ప్రియులైన పెద్దలకు, సహోదరులకు, సహోదరీలకు, వెనుక వరుసలలో కూర్చొన్న యౌవనస్థులకు నా వందనాలు. వెనుక ఉన్నవారికి మాట వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు సరిచేయిస్తాను.

క్రైస్తవ విశ్వాసాన్ని గురించి, ఆ విశ్వాసంలో నుండి పుట్టే ప్రేమను గురించి, అది జీవితానికి ఇచ్చే నిండుదనాన్ని గురించి మాట్లాడమని సంఘ పెద్దలు నన్ను అడిగారు. పెద్ద విషయం. ఒక గంటలో ముగిసేది కాదు. అందుచేత ఒకే ఒక వచనాన్ని పట్టుకొని, దానిని విడవకుండా మాట్లాడతాను. యోహాను వ్రాసిన మొదటి పత్రిక, నాలుగవ అధ్యాయం, 19వ వచనం. బైబిళ్ళు తెచ్చుకున్నవారు తెరవండి. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము." మరొక్కసారి చదువుతాను. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము." ఇందులో ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ వరుసను గురించే. ఆ వరుస తారుమారైతే మన భక్తి భారమైపోతుంది. ఆ వరుస నిలిస్తే అదే భక్తి మనకు ఊపిరి అవుతుంది.

మనం సాధారణంగా ఏమి బోధిస్తున్నాము? ప్రేమించండి అంటాము. క్షమించండి అంటాము. అత్తను కోడలు ప్రేమించాలి, కోడలిని అత్త ప్రేమించాలి, పొరుగువానిని ప్రేమించాలి, శత్రువును సైతం ప్రేమించాలి అని ఆదివారం ఆదివారం చెబుతూనే ఉంటాము. చెప్పవలసినదే, ప్రభువు ఆజ్ఞాపించినదే. అయితే ఆ మాట విని ఇంటికి వెళ్ళిన మనిషి సోమవారం ఉదయం ఏమి చేయాలి? తనలో లేనిదానిని ఎక్కడి నుండి తెచ్చి ఇవ్వాలి? మీరు ఆలోచించండి. అద్దంకి, దర్శి వైపు నుండి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, సాగర్ కుడి కాలువ చివరి భూముల సంగతి మీకు ఒకరు చెప్పనవసరం లేదు. పంట కాలువను ఎంత శుభ్రంగా పూడిక తీసినా, గట్లు ఎంత చక్కగా వేసినా, పైనుండి నీరు వదలనిదే మీ మడిలోకి చుక్క రాదు. కాలువ బాగు చేయడం మీ పని, నీరు పుట్టించడం మీ పని కాదు. ప్రేమ విషయంలో యోహాను చెబుతున్నది అచ్చంగా ఇదే. ప్రేమ మనలో పుట్టదు, మన దగ్గరకు వస్తుంది, మన గుండా వెళ్తుంది.

లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం మీ అందరికీ తెలుసు. చిన్న కుమారుని గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాము. అతడు ఆస్తి పంచుకుపోయాడు, దుర్వ్యాపారంలో పాడుచేసుకున్నాడు, పందులు తినే పొట్టు కోసం ఆశపడ్డాడు, తిరిగి వచ్చాడు, తండ్రి పరుగెత్తి మెడమీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ఈ రోజు అతనిని కాసేపు పక్కన పెడదాము. పెద్ద కుమారుని దగ్గరకు వెళ్దాము. అతడు ఎక్కడ ఉన్నాడు? పొలంలో ఉన్నాడు. పని చేస్తున్నాడు. ఇల్లు విడిచిపోలేదు, డబ్బు పాడుచేయలేదు, చెడు సహవాసం చేయలేదు. సాయంత్రం ఇంటి దగ్గరకు వచ్చేసరికి వాద్యాలు, నాట్యం వినిపించాయి. లోపలికి వెళ్ళడానికి మనసు ఒప్పలేదు. తండ్రి బయటకు వచ్చి బతిమాలాడు. అప్పుడు అతని నోట వచ్చిన మాటలు జాగ్రత్తగా వినండి. ఇన్నేళ్ళ నుండి నీకు సేవ చేస్తున్నాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, నా స్నేహితులతో సంతోషపడడానికి నాకొక మేకపిల్లనైనా ఇవ్వలేదు అన్నాడు.

ఇవి ఒక కొడుకు మాటలా, ఒక జీతగాడి మాటలా? పుట్టిన దగ్గర నుండి తండ్రి ఇంటిలోనే ఉన్నాడు, అదే అన్నం తిన్నాడు, అదే చూరు కింద పడుకున్నాడు, అయినా మనసులో లెక్క వ్రాసుకుంటూనే ఉన్నాడు. ఎన్నేళ్ళు చేశాను, ఏమి వచ్చింది? తమ్ముడు దూరదేశంలో తప్పిపోయాడు, అన్న ఇంటిలో ఉండే తప్పిపోయాడు. తండ్రి ఇచ్చిన జవాబు చూడండి: "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి." నావన్నీ నీవే అయినప్పుడు మేకపిల్ల లెక్క ఏమిటి నాయనా అని ఆ తండ్రి అడుగుతున్నాడు. ఉపమానం అక్కడితో ఆగిపోయింది. పెద్ద కుమారుడు లోపలికి వెళ్ళాడో లేదో ప్రభువు చెప్పలేదు.

ఆ పెద్ద కుమారుడు మన సంఘాలలో ముందు వరుసలో కూర్చొని ఉన్నాడని నేను భావిస్తున్నాను. దశమభాగం తప్పడు, ఉపవాస కూడికకు తప్పడు, కొత్తగా మారుమనస్సు పొంది వచ్చినవానిని చూసి మాత్రం మొహం చిట్లిస్తాడు. మూడు తరాల క్రైస్తవులం మేము, నిన్న వచ్చినవానికి పెద్దరికమా అంటాడు. తాను ప్రేమించబడ్డానని తెలియని మనిషి ఇతరులకు ప్రేమ దక్కితే ఓర్చుకోలేడు. ఇది దుర్మార్గుల సంగతి అని అనుకోకండి. మంచివారికి వచ్చే జబ్బు ఇది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాము. ఈ సంగతి మనకంటే బాగా తెలియవలసినవారు ఎవరూ లేరు, ఎందుకంటే ఈ నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో సువార్త వచ్చిన తీరు అంతా ఆ ఒక్క వచనానికి వ్యాఖ్యానం లాంటిది. 1840లో మిషనరీ సామ్యూల్ డే నెల్లూరు వచ్చి పని మొదలు పెట్టినప్పుడు అమెరికాలోని బాప్తిస్టు సంఘాలు గొప్ప ఫలితాలు ఆశించాయి. ఏళ్ళ తరబడి పెద్దగా ఏమీ కనబడలేదు. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసివేద్దామా అనే చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి చుక్కలాగా ఉందన్న ఆ మాటతోనే దీనికి లోన్ స్టార్ మిషన్ అనే పేరు నిలిచింది. మరుసటి ఏడాది, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఐదుగురు మన ఒంగోలు కొండ ఎక్కారు. మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు. కొండ మీద మోకరించి, కింద కనబడుతున్న ఈ ఊరికి ఒక సేవకుడిని పంపమని ప్రార్థించారు. మనం ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నది దానినే. ఆ సేవకుడు, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు గడిచాయి. ఆ మధ్యకాలంలో మిషన్ మూసివేత మాట మళ్ళీ వచ్చినప్పుడు, సెలవు మీద అమెరికా వెళ్ళిన జ్యూయెట్, మీరు పంపకపోయినా నేను తెలుగువారి దగ్గరకు తిరిగి వెళ్తాను, అవసరమైతే అక్కడే చనిపోతాను అన్నాడు. లాభనష్టాల లెక్క చూసుకున్న మనిషి ఆ మాట అనగలడా?

అయితే నేను విదేశీ మిషనరీల గొప్పతనం చెప్పి ఆగిపోను. అలా ఆగిపోవడం మన పెద్దలకు చేసే అన్యాయం. ఈ ప్రాంతంలో సువార్తను పల్లె పల్లెకు మోసినవాడు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులంలో పుట్టాడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, తాళ్ళకొండపాడు వాస్తవ్యుడు. క్రైస్తవుడు కాకముందే దేవుని కోసం వెదికినవాడు, గురువులను ఆశ్రయించి యోగం అభ్యసించినవాడు, తన వారిలో తానే ఒక గురువుగా నిలిచినవాడు. ఇంత వెదికిన మనిషి యేసును గురించి విని 1866లో బాప్తిస్మం పొందాడు. వెంటనే ఏమి చేశాడు? తన మనుషుల దగ్గరకు వెళ్ళాడు. 1867 జనవరిలో క్లౌ దొరను తన ఊరి వైపుకు రప్పించాడు. చింతతోపులో గుడారం వేశారు, చుట్టుపక్కల పల్లెల నుండి మనుషులు వచ్చి కొన్ని రోజులు అక్కడే ఉండి విన్నారు, ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య విన్నది క్లుప్తమే, చెప్పింది క్లుప్తమే: దేవుడు మనలను వెదుక్కుంటూ వచ్చాడు. అంతవరకు తాను దేవుని వెదుకుతున్నాననుకొన్న మనిషికి ఆ వరుస తిరగబడింది. అదే మన వచనం.

ఆ కాలంలోనే ఇంకొక సంగతి జరిగింది. ఒంగోలులో పై కులాలవారు కొందరు క్లౌ దొర దగ్గరకు వచ్చి, మాదిగలను మీరు సంఘంలో చేర్చుకోకపోతే మేము చేరతామన్న అర్థంలో మాట్లాడారు. అప్పటికి నిలకడైన సంఘమే లేదు. ఊరిలో పలుకుబడి ఉన్నవారు తమంతట తామే వస్తున్నారు. ఏ సేవకుడికైనా అది పెద్ద శోధనే. ఆయన తన గదిలోకి వెళ్ళి బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి అన్న చోటు కనబడింది. గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదు, ఎన్నికైనవారిని వ్యర్థము చేయడానికి దేవుడు నీచులైనవారిని ఏర్పరచుకున్నాడని ఆ భాగం చెబుతుంది. వేరొక గదిలో ఆయన భార్య కూడా అదే చోటు తెరిచిందని ఆయన తన జ్ఞాపకాలలో చెప్పారు. వారిద్దరూ మాదిగలను విడిచిపెట్టలేదు. మన సంఘం పునాదిలో ఉన్న రాయి ఇది. దేవుని ప్రేమకు షరతు పెట్టి వచ్చినవారు వెనక్కి వెళ్ళారు, షరతు పెట్టడానికి చేతిలో ఏమీ లేనివారు లోపలికి వచ్చారు.

తరువాత కరువు వచ్చింది. 1876 నుండి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చివేసిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. వానలు పోయాయి, పశువులు పోయాయి, ధాన్యం ధర కూలివాడికి అందకుండా పోయింది. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకం కరువు పనిగా చేయించింది. క్లౌ దొర యౌవనంలో భూమి సర్వే పని చేసిన మనిషి కనుక, ఆ కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో అలమటిస్తున్నవారికి పని కల్పించారు. ఎందుకు తీసుకున్నారు? వేరే చోట మాదిగవారిని, మాలవారిని పనిపెట్టే మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలి కోసేవారు. ఇక్కడ పైన నిలబడి పని చూసినవారు సంఘ బోధకులు. పార పట్టడం అలవాటు లేనివారి చేతులు మొదటి రోజులలో పుండ్లు పడేవి. సాయంత్రం గుంపులుగా కూర్చొన్నప్పుడు ఆ శిబిరంలో మళ్ళీ మళ్ళీ వినిపించిన వచనం ఒకటే: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." తల మీద మట్టి తట్ట దించి వచ్చి కూర్చొన్న మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. అంతవరకు అతనిని ఎవరైనా రమ్మని పిలిచారా? దూరం జరుగు అన్నవారే తప్ప నా దగ్గరకు రా అన్నవారు ఎవరు?

ఇక్కడ ఒక ప్రశ్న మీ మనసులో ఉంటుంది, బయటివారు కూడా మనలను ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. తిండి కోసం మారారు కదా అంటారు. ఈ ప్రశ్నకు సిగ్గుపడనవసరం లేదు, కోపం తెచ్చుకోనవసరం లేదు, జరిగినది చెబితే చాలు. కరువు సహాయం చేతిలో ఉన్నంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ దొర బాప్తిస్మాలు ఆపివేశారు. వేలమంది అడిగినా ఇవ్వలేదు. 1878లో సహాయం డబ్బు అయిపోయిన తరువాత, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళిపోండి అని చెప్పారు. అప్పుడు వారు చెప్పినదేమిటి? మాకు సహాయం వద్దు. మా చేతుల మీద బొబ్బలు చూడండి, మేము పని చేశాము, ఇంకా చేస్తాము. ఈసారి పంట కూడా పోతే చనిపోతాము. క్రైస్తవులుగా చనిపోవాలని కోరుకుంటున్నాము, మాకు బాప్తిస్మం ఇవ్వండి. ఆ జూలై నెలలో, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో, మూడవ తేదీ ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

సంఖ్య వల్ల నేను ఉప్పొంగిపోవడం లేదు. నన్ను పట్టి నిలిపేది ఆ బొబ్బలు పడిన చేతులు. వారి ఇంటిలో గింజ లేదు. రేపటి సంగతి తెలియదు. లోకం దృష్టిలో వారి జీవితంలో నిండుదనం అనదగినది ఒక్కటీ లేదు. అయినా ఏదో దొరికింది. దేవుడు నన్ను ఎరుగును, నన్ను పేరు పెట్టి పిలిచాడు, నేను ఎవరికీ చెందనివాడిని కాను అన్న సంగతి దొరికింది. ఆకలి తీరకముందే అది దొరికింది. దానిని గురించే ఈ రోజు నేను మాట్లాడుతున్నాను.

మరి మన కాలంలో సంతృప్తి అంటే ఏమని చెప్పుకుంటున్నాము? మన సాక్ష్యాలు విందాము. ఇల్లు కట్టాను, దేవునికి స్తోత్రం. అబ్బాయికి వీసా వచ్చింది, దేవునికి స్తోత్రం. అమ్మాయికి మంచి సంబంధం కుదిరింది, దేవునికి స్తోత్రం. ఇవన్నీ సంతోషించదగిన సంగతులే, దేవుడు ఇచ్చినవే, కృతజ్ఞత చెప్పవలసినదే. కాని వీసా రానివాడు ఆ రోజు సంఘంలో కూర్చొని ఏమి వింటున్నాడు? నా మీద దేవునికి ప్రేమ లేదన్నమాట అని వింటున్నాడు. సంబంధం కుదరని ముప్పై ఐదేళ్ళ అమ్మాయి ఏమి వింటోంది? పిల్లలు లేని తల్లి, అమ్మా, ఆమెను తల్లి అనే పిలుస్తాను, ఆమె ఏమి వింటోంది? ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో, పిల్లలెందరు అని అడిగించుకొని అడిగించుకొని అలసిపోయి దేవుని ఇంటికి వస్తే, ఇక్కడ కూడా అదే కొలత ఎదురైతే ఆమె ఎక్కడికి వెళ్ళాలి? మన ప్రభువుకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, తల వాల్చుకొనుటకు స్థలం లేదు. ఆయన జీవితాన్ని మనం వెలితి జీవితం అనగలమా? అనలేము కదా. అలాంటప్పుడు ఆ అమ్మాయి జీవితాన్ని ఏ నోటితో అంటున్నాము?

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం చూడండి. "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను" అని పౌలు వ్రాశాడు. ఎక్కడ కూర్చొని వ్రాశాడు? సంకెళ్ళతో, బంధకాలలో ఉండి వ్రాశాడు. నేర్చుకొని యున్నాను అంటున్నాడు, పుట్టుకతో వచ్చిందని అనడం లేదు. దీనహీనత అంటే ఎరుగుదును, సంపన్నత అంటే ఎరుగుదును అంటున్నాడు. అదే పత్రిక చివర వందనాలు చెబుతూ కైసరు ఇంటివారిలో ఉన్న పరిశుద్ధుల వందనాలు కూడా పంపుతున్నాడు. గమనించారా? తనను బంధించి ఉంచిన రాజు ఇంటిలోనే ఆయనకు సహోదరులు ఉన్నారు. ఫిలిప్పీ సంఘం పంపిన కానుక అందినందుకు సంతోషించాడు, కాని తన సంతృప్తి ఆ కానుకలో లేదని కూడా మర్యాదగా చెప్పాడు. తీసుకోవడానికి మొహమాటం లేదు, లేకపోతే దిగులు లేదు. ప్రేమించబడిన మనిషి ఇలా ఉంటాడు.

మీకు ఒక మనిషిని చూపిస్తాను. పేరు చెప్పను, చెబితే ఆయన నొచ్చుకుంటారు. ఈ జిల్లాలోనే ఆటో తోలుకొని బతికే మనిషి. వారంలో ఒక రోజు సాయంత్రం బాడుగలు మానుకొని, పెద్దాసుపత్రిలో మగవారి వార్డుకు వెళ్తారు. చేతిలో ఒక ఫ్లాస్కు వేణ్ణీళ్ళు, ఒక స్టీలు క్యారేజీలో జావ, జేబులో గోళ్ళు తీసే కత్తెర. తోడు మనిషి లేని రోగి ఎవరని నర్సమ్మను అడుగుతారు. నేను ఒకసారి ఆయన వెంట వెళ్ళాను. పొగాకు బేరన్ల దగ్గర ఏళ్ళ తరబడి పని చేసిన ఒక ముసలాయన పడుకొని ఉన్నాడు. పసరు ఇంకిపోయి వేళ్ళు నల్లబడి ఉన్నాయి, గోళ్ళు పెరిగి వంకరపోయాయి. ఈయన మంచం పక్కన కింద కూర్చొని, ముందు గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నానబెట్టారు, గోళ్ళు మెత్తబడేదాకా ఆగారు, తరువాత తొందర పడకుండా కత్తిరించి, ఆ ముక్కలు కాగితంలో పోగుచేసుకున్నారు. ప్రార్థన చేస్తానని అనలేదు, కరపత్రం తీయలేదు. ఆ ముసలాయనే, నువ్వెవరి అబ్బాయివి నాయనా అని అడిగాడు.

బయటకు వచ్చాక, ఇది ఎందుకు మొదలు పెట్టారు అని అడిగాను. ఆయన జవాబు మన ప్రాంతపు మాటలలోనే చెబుతాను: "నేను తాగి పడిపోయి ఈడనే పడుంటే, ఇంట్లోవాళ్ళు కూడా రాకపోతే, ఎవరో ఒకాయన నన్ను ఇట్లనే చూసుకున్నాడయ్యా. ఆయనది ఏ సంఘమో కూడా తెలవదు నాకు." అంతే. ఆ ఒకాయన తరువాతే ఈయన వాక్యం చదివారు, మందిరానికి వచ్చారు, తాగుడు మానారు. వరుస చూడండి మళ్ళీ. మారితే ప్రేమించారా? ప్రేమిస్తే మారాడా? నీకు ఈ పని వల్ల ఏమి వస్తుందని ఆయనను అడగడం కూడా నాకు తోచలేదు, ఎందుకంటే ఏదో రావలసి ఉన్న మనిషిలాగా ఆయన ముఖం లేదు. ఇప్పటికీ అద్దె ఇంటిలోనే ఉన్నారు, ఆటో మీద ఫైనాన్సు ఇంకా తీరలేదు.

కొందరు యౌవనస్థులు నన్ను అడుగుతారు. అయ్యగారూ, దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని వింటున్నాను, నమ్ముతున్నాను, కాని నాలో ఏమీ అనిపించడం లేదు, అలాంటప్పుడు నేను ఏమి చేయాలి? నిజాయితీ గల ప్రశ్న ఇది, దీనికి గద్దింపుతో జవాబు చెప్పకూడదు. అనిపించడం దేవుని ప్రేమకు కొలత కాదు. సిలువ ఒక జరిగిన సంగతి, మీ మనసు బాగున్న రోజున జరిగినట్లు, బాగాలేని రోజున జరగనట్లు ఉండదు. అనిపించని రోజున మీరు చేయవలసినది ఒకటి ఉంది. ప్రేమించబడుతున్న చోట ఉండండి. వాక్యం చదవండి, కూడికకు రండి, మీ కోసం ప్రార్థించే ఒక పెద్దమ్మ దగ్గర కూర్చోండి, ఆమె చెప్పే పాత సంగతులు వినండి. పరీక్ష పోయిందనో, ఉద్యోగం రాలేదనో నాలుగు గోడల మధ్య తలుపు వేసుకొని కూర్చోకండి. మనసు మరీ చీకటిగా ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసం కాదు, నేను తోడు వస్తాను. పెద్దలకు కూడా ఒక మాట. పిల్లలు అలా చెప్పినప్పుడు ప్రార్థన తక్కువైంది అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి.

ఇక ముగింపుకు వస్తున్నాను. మన వచనం పక్కనే, మరుసటి వచనం ఉంది. దానిని చదవకుండా లేవడానికి వీలు లేదు. దేవుని ప్రేమిస్తున్నానని చెప్పి తన సహోదరుని ద్వేషించేవాడు అబద్ధికుడు అంటాడు యోహాను. "తాను చూచిన తన సహోదరుని ప్రేమింపని వాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు." గట్టి మాట. కులాన్ని దాటి మొదలైన సంఘం మనది, ఇప్పుడు మన మధ్యనే మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు వేరుగా చెప్పుకునే ఊళ్ళు ఉన్నాయి. సంబంధాల దగ్గర, సంఘ ఎన్నికల దగ్గర, మందిరపు స్థలం తగాదాల దగ్గర మనం ఏమైపోతున్నాము? కాలువ గట్టు మీద ఒకే తట్ట చేతులు మార్చుకుంటూ మట్టి మోసినవారి మనవలం, కోర్టు మెట్ల మీద ఎదురెదురుగా నిలబడుతున్నాము. ఇది నాకు ఎంతో బాధ కలిగించే విషయం, అందుకే సభ మధ్యలో చెబుతున్నాను.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల ఉంది. నీ అర్పణము బలిపీఠము నొద్ద విడిచి, మొదట వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడుము అని ప్రభువు చెప్పాడు. మధ్యలో ఆరు రోజులు ఉన్నాయి. ఈ ఆరు రోజులలో ఒక్క ఇంటికి వెళ్ళండి. ఎవరి ఇంటికో మీకు తెలుసు, ఆ ఇల్లు ఇప్పటికే మీ మనసులోకి వచ్చి ఉంటుంది. వెళ్ళి తప్పొప్పులు తేల్చుకోవడానికి కూర్చోకండి, బాగున్నారా అని అడిగి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి రండి, మిగిలినది తరువాత చూద్దాము. ఒంటరిగా వెళ్ళడానికి జంకు ఉన్నవారు, మాట పెగలదు అనుకునేవారు, కూడిక అయ్యాక నాతో చెప్పండి. గురువారం వరకు నేను ఊరిలోనే ఉంటాను, మీతో కలిసి వస్తాను. లేచి నిలబడండి, ప్రార్థించుకుందాము.